ఎస్తేరమ్మ గారు అడగమన్న మాట

మొన్న బ్రాడీపేటలో ఒక ఇస్త్రీ బండి పక్కగా నడుస్తుంటే, గంజి పెట్టిన తెల్లచీర మీద వేడిపెట్టె ఆనిన వాసన వచ్చింది. కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. ఎనభైల చివర్లో, నరసరావుపేట వైపు ఒక చిన్న ఆసుపత్రిలో హెడ్‌ నర్సుగా ఉన్న ఎస్తేరమ్మ గారి దగ్గర ఎప్పుడూ ఆ వాసనే ఉండేది. పత్తి ఏరే కూలీల ఇంట పుట్టి నర్సు చదివిన మనిషి. నేను కొత్త డాక్టర్ని. నాకు అన్నీ తెలుసనుకునే వయసు.

ఆ ఏడు తెల్లదోమ పత్తిని నిలువునా తినేసింది. అప్పులపాలై ప్రాణం తీసుకోబోయిన వాళ్ళను బళ్ళ మీద మా వార్డుకు తెచ్చేవారు. వెంకటేశ్వర్లు అలాగే వచ్చాడు. ముప్పై ఏళ్ళ రైతు. వారం తిరిగేసరికి లేచి కూర్చుని, నవ్వుతూ, "ఇంటికి పంపండి డాక్టరు గారూ" అన్నాడు. నాడి బాగుంది, ఊపిరి బాగుంది. డిశ్చార్జి చీటీ రాసేశాను. ఎస్తేరమ్మ గారు దాన్ని చేతిలో పట్టుకుని నన్ను వరండాలోకి పిలిచారు.

"మళ్ళీ చావాలనుందా అని అడిగారా?"

"అదెలా అడుగుతామమ్మా? లేని ఆలోచన పుట్టించినట్టవుతుంది."

"పుట్టదండీ. ఉన్నదే బయటికొస్తుంది. రండి."

ఆవిడ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా అడిగారు. వెంకటేశ్వర్లు నవ్వు ఆగిపోయింది. "ఉందమ్మా" అన్నాడు. "మా నాన్న ఇలాగే పోయాడు, మా బాబాయీ ఇలాగే పోయాడు. మా రక్తంలోనే ఉందంటారు ఊళ్ళో. రేపు నా కొడుక్కీ ఇదే రాత."

"రక్తంలో ఏముందో నాకు తెలీదు నాయనా. మీ నాన్నను ఎవరైనా ఈ మాట అడిగారా?"

"లేదమ్మా."

"నిన్ను అడిగాను. అదే తేడా."

ఆ చీటీని నేనే చింపేశాను. అతను ఇంకో పది రోజులు ఉన్నాడు. వెళ్ళేముందు ఆవిడ అతని భార్యతో మాట్లాడి, ఇంట్లో మిగిలిన పురుగుమందు డబ్బాలన్నీ పక్కింటి దర్జీ మస్తాన్‌ దగ్గర తాళం వేయించారు. ఒక అట్టముక్క మీద అతని చేతే రాయించారు: ఆ ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకూడదు, మస్తాన్‌ ఇంటికి వెళ్ళాలి, ప్రతి మంగళవారం ఆసుపత్రికి రావాలి.

ఆరు మంగళవారాలు వచ్చాడు. ఏడోది రాలేదు. మధ్యాహ్నం దాకా చూసి, ఆవిడ నన్ను కూడా లాక్కుని బస్సెక్కారు. ఊరు దగ్గర పడ్డాక, "ఒకప్పుడు ఒక పిల్లని, నవ్వుతోంది కదా అని అడక్కుండానే ఇంటికి పంపాను" అన్నారు. ఆ తర్వాత ఏమైందో నేను అడగలేదు.

ఇంట్లో అతను లేడు. పక్కింట్లో చూస్తే, వెంకటేశ్వర్లు మస్తాన్‌ కుట్టుమిషను పక్కన పీట మీద కూర్చుని ఉన్నాడు. ఎర్రటి కళ్ళు.

"పొద్దున లేవగానే మళ్ళీ వచ్చిందమ్మా ఆ ఆలోచన. ఒంటరిగా ఉండొద్దన్నారుగా, బస్సులో ఒక్కణ్ణే రావాల్సొస్తుందని రాలేదు. ఇక్కడే కూర్చున్నా."

"పొద్దుట్నుంచీ ఒక్క గుండీ కాజా కూడా సరిగా కుట్టలేదండీ మీవాడు" అన్నాడు మస్తాన్‌. ఎస్తేరమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. వెంకటేశ్వర్లు తర్వాత మనవళ్ళను ఎత్తుకున్నాడు.

ఇప్పుడు నా పని జన్యుపరీక్షల విభాగంలో. మనిషి డీఎన్‌ఏలోని అక్షరాలను వరసగా చదివి, ఎక్కడ ఏది మారిందో చూస్తాం. ఎన్నో జబ్బుల మూలాలు అలా దొరుకుతాయి. కిందటి నెల ఒకమ్మాయి వచ్చింది. వాళ్ళమ్మ, మేనమామ ఇద్దరూ ప్రాణాలు తీసుకున్నారట. "నాలో కూడా అది ఉందేమో చూసి చెప్పండి సార్‌" అంది.

"కుటుంబాల్లో కొంత మొగ్గు కనిపించొచ్చమ్మా. కానీ ఒక మనిషి అలా పోతాడని చెప్పే అక్షరం ఏ పరీక్షలోనూ దొరకదు" అన్నాను. ఆమె తలాడించి లేవబోయింది. కూర్చోమన్నాను. ఆ మాట అడగడం నాకు ఇప్పటికీ తేలిక కాదు. అయినా, చావాలనిపిస్తోందా అని అడిగాను. ఆమె భుజాన వేసుకున్న సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. నేను ఎక్కడికీ కదల్లేదు.