చల్లని మందుకు వెచ్చని పొగ

ఆ సాయంత్రం మా వీధిలో ఆడపిల్లలు తాడాట ఆడుతున్నారు. మా అమ్మాయి నందిని తన వంతు రాగానే కొన్ని గెంతులు వేసి, తాడు వదిలేసి, మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగి నిలబడింది. అలసిపోయిందనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే, గొంతు కింది గుంట ప్రతి శ్వాసకూ లోపలికి పోతోంది. గాలి పీల్చడానికి కన్నా వదలడానికే ఎక్కువ సేపు పడుతోంది. వదిలేటప్పుడు ఎక్కడో దూరాన ఎవరో ఈల వేస్తున్నట్టు సన్నని చప్పుడు. "ఏమయింది?" అని అడిగాను. "ఏం లేదు... అమ్మా... కొంచెం... ఉండు" అంది. అప్పుడు తను రెండో తరగతి చదువుతోంది.

నేను రసాయనశాస్త్రం చదువుకున్నాను. తమిళనాట విరుదునగర్‌లోని ఒక ల్యాబ్‌లో నూనె, పప్పులు, మిరపపొడి నమూనాలను పరీక్షించడం నా ఉద్యోగం. కల్తీ లేదని ఎవరైనా చెబితే నమ్మకుండా ఉండడానికే నాకు జీతమిస్తారు. మేముండేది కోవిల్‌పట్టిలో. ఉదయం రైల్లో వెళ్లి సాయంత్రం రైల్లో తిరిగివస్తాను. మా ఆయన సరుకు లారీ నడుపుతారు. నెలలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే ఉంటారు. బడి సమయం పోగా పగలంతా నందినిని చూసుకునేది మా అత్త. ఇంట్లో మాది తెలుగే అయినా, గడప దాటితే తమిళం. తిరుపతిలో చదువుకున్నందువల్ల నేను ఇలా రాయగలుగుతున్నాను గానీ, మా ఇళ్లలోని తెలుగు నోటితో పుట్టి నోటితోనే పోయే తెలుగు.

మొదట చూపించిన చోట దగ్గు సిరప్, యాంటీబయాటిక్ ఇచ్చారు. తగ్గింది, మళ్లీ వచ్చింది. ఇరుగుపొరుగు సలహాలు మొదలయ్యాయి. అరటిపండు వద్దన్నారు, పెరుగు వద్దన్నారు, తల తడపవద్దన్నారు. నేను దేన్నీ కొట్టిపారేయలేదు, దేన్నీ నమ్మనూ లేదు. ఒక్కొక్క తిండిని ఆపి చూశాను, మళ్లీ పెట్టి చూశాను. నాకు తేడా ఏమీ కనిపించలేదు. పెరుగు మానేసిన రోజుల్లో నందిని అన్నం తక్కువ తిన్నదన్నది మాత్రం స్పష్టంగా కనిపించింది.

తరవాత విరుదునగర్‌లోనే ఒక పిల్లల డాక్టరుకు చూపించాము. ఎక్స్‌రేలో తేడా ఏమీ లేదు. స్పైరోమెట్రీ చేశారు: ఒక గొట్టంలోకి గట్టిగా ఊదించి, గాలిదారులు తెరిచే మందు సాల్‌బుటమాల్ ఇచ్చి, కొంతసేపు కూర్చోబెట్టి మళ్లీ ఊదించారు. రెండు గీతల్నీ పక్కపక్కన పెట్టి, "మందుకు ముందు, మందు తరవాత. తేడా మీకే కనిపిస్తోంది కదా. ఇది ఆస్తమా" అన్నారు డాక్టరు.

"ఖచ్చితంగానా సార్?"

"మీరేం పని చేస్తారమ్మా?"

"టెస్టింగ్ ల్యాబ్‌లో."

"అదీ సంగతి. మీ శాంపిల్ బల్ల మీద కదలకుండా కూర్చుంటుంది. నా శాంపిల్ దగ్గుతుంది, ఏడుస్తుంది, ఇంటికి పోదామంటుంది. ఉన్న ఆధారం చాలు, ట్రీట్‌మెంట్ మొదలుపెడదాం."

రెండు ఇన్‌హేలర్లు రాశారు. బాగున్నా బాగాలేకపోయినా రోజూ తీసుకోవలసినది కంట్రోలర్. ఆయాసం వచ్చినప్పుడు తీసుకోవలసినది రిలీవర్. రెండింటికీ స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం తగిలించాలి; ఒకసారి నొక్కితే వచ్చే మందు ఒక పఫ్. కంట్రోలర్‌లో స్టెరాయిడ్ ఉందని చదివి, ఎదుగుదల తగ్గుతుందా అని అడిగాను. "ఎత్తు మీద కొద్దిగా ప్రభావం ఉండవచ్చు. ఊపిరాడని పిల్ల కూడా సరిగ్గా ఎదగదు. రెండూ తూచి ఇస్తున్నాను" అన్నారు. ఏమీ కాదని చెప్పనందుకే ఆయన మీద నాకు నమ్మకం కలిగింది.

కంట్రోలర్ ఉదయం, సాయంత్రం నేనే ఇచ్చేదాన్ని. పగటి పూట రిలీవర్ అత్త చేతిలో ఉండేది. ఎలా ఇవ్వాలో చెప్పాను. అత్త తల ఊపి, "ఇది అలవాటయిపోతాదంట కదమ్మా, ఎదురింటామె చెప్పె" అంది. కాదని వివరించాను. "సరే, నువ్వు సదివినదానివి" అంది. ఆ మాటలో ఒప్పుకోలు ఎంతో, వెక్కిరింపు ఎంతో నాకు నేటికీ తెలియదు.

కొన్ని వారాలు బాగుంది. ఆ తరవాత ఆయాసం తిరగబెట్టింది. రిలీవర్ వాడే రోజులు పెరిగాయి. డాక్టరు కంట్రోలర్ మోతాదు పెంచారు, ఇన్‌హేలర్ వాడే పద్ధతిని నా చేత చేయించి చూశారు; సరిగ్గానే ఉందన్నారు. దిండ్లకు గలీబులు మార్చాను. నా బట్టలకు అంటుకువచ్చే మిరప ధూళి కారణమేమోనని, ఇంటికి రాగానే స్నానం చేసేదాకా బిడ్డను ముట్టుకోవడం మానేశాను. నందిని గుమ్మంలో నిలబడి, చేతులు చాచి, నా కోసం ఎదురుచూసేది. నేను పక్కనుంచి తప్పుకుని స్నానాలగదికి వెళ్లిపోయేదాన్ని. అయినా ఆయాసం వచ్చేది. ల్యాబ్‌లో ఫలితం తేడాగా వస్తే కారణం దొరికేదాకా వెతుకుతాను. ఎక్కడో ఒక చోట దొరుకుతుంది. ఇక్కడ ఎంత వెతికినా, చివరికి నా ఎదుట మిగిలేది పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతున్న నా బిడ్డ మాత్రమే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం అత్త ల్యాబ్‌కు ఫోన్ చేసింది. బడికి సెలవు. నందినికి మాట రావడం లేదని, పెదవులు అదోలా ఉన్నాయని, పక్కింటివాళ్ల కారులో విరుదునగర్‌కే, మా డాక్టరు ఆసుపత్రికి తీసుకొస్తున్నామని చెప్పింది. నేను ఆసుపత్రి వాకిట్లో నిలబడ్డాను. వచ్చే ప్రతి కారునూ చూడడం తప్ప చేయగలిగింది లేదు.

ఆక్సిజన్ పెట్టారు, నెబులైజర్ పెట్టారు, చేతికి ఐ.వి. లైను వేశారు. రక్తంలో ఆక్సిజన్ శాతం నెమ్మదిగా పైకి వచ్చింది. కొంత తేరుకున్నాక డాక్టరు అత్త వైపు తిరిగి, పాట్టీ అని, అంటే అవ్వా అని పిలుస్తూ తమిళంలో అడిగారు.

"పఫ్ ఇచ్చారా పాట్టీ?"

"ఇచ్చినా సామీ. మళ్లీ మళ్లీ ఇచ్చినా."

"ఇచ్చాక ఏం చేశారు?"

అత్త నా వైపు చూసింది. మంచం మీది నందిని మాస్కును కొంచెం పక్కకు జరిపింది. "అవ్వ సాంబ్రాణి పడతాది" అంది. "పఫ్ సల్లగుంటాది కదా. ఆ సలి పోవాల."

మా వైపు శుక్రవారం ఆడపిల్లలకు తలంటి పోస్తారు. తడి జుట్టు వల్ల జలుబు చేయకూడదని, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, దాని మీద బుట్ట బోర్లించి, ఆ పొగకు జుట్టు ఆరబెడతారు. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ శుక్రవారం ఆ వాసనే. సాయంత్రం రైలు దిగి వచ్చేటప్పటికి ఇంట్లో ఆ వాసన ఉండడం, అన్నం ఉడికిన వాసన ఉండడమంత సహజం. అయితే అత్త చేసింది అంతవరకే కాదు. రిలీవర్‌ను మొదట తన అరచేతిలోకి కొట్టి చూసింది. చల్లగా తగిలింది. జలుబుతో బాధపడే రొమ్ములోకి చల్లని మందు పోతోందని భయపడింది. నా మాట కాదనలేక పఫ్ ఇచ్చేది. ఆ చలువకు విరుగుడుగా, శుక్రవారమైనా కాకపోయినా, నిప్పులు రాజేసి, బిడ్డకు దుప్పటి కప్పి సాంబ్రాణి పొగ పట్టించేది. ఆయాసం తగ్గకపోతే ఇంకో పఫ్, ఇంకో పొగ.

"ఏ పొగా వద్దు పాట్టీ. ఊదొత్తి కూడా వద్దు" అన్నారు డాక్టరు.

"సాంబ్రాణి పొగ కాదు సామీ, అది మందు" అంది అత్త. ఆ గొంతులో మొండితనం లేదు, భయం ఉంది.

ఇంటికి వచ్చాక చెప్పడానికి ప్రయత్నించాను. డబ్బాలో ఒత్తిడితో ఉన్న ద్రవం బయటికి రాగానే ఆవిరై వేడిని లాక్కుంటుందని, సూది వేసే ముందు పూసే స్పిరిట్ కూడా అలాగే చల్లగా ఉంటుందని వివరించాను.

"అదే కదా నేనూ చెప్పేది. సల్లగుండాది" అంది అత్త.

ఆమె చేసింది పరీక్షే. గమనించింది నిజమే. తప్పల్లా దాని నుంచి తీసిన అర్థంలో ఉంది.

ఊపిరి ఎంత జోరుగా వదలగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్ డాక్టరు ఇచ్చినది ఇంట్లో ఉంది. ఒక రోజు నందినికి కొద్దిగా పిల్లికూతలు వినిపిస్తున్నప్పుడు అత్తను పక్కన కూర్చోబెట్టి ఊదించాను. ముల్లు ఎక్కడ ఆగిందో చూడమన్నాను. పఫ్ ఇచ్చి, కాసేపాగి మళ్లీ ఊదించాను. ముల్లు పైకి పోయింది. అత్త ఆ మీటరును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇప్పుడు పొగ పట్టి ఊదిస్తే ఏమయితాది?"

ఎవరైనా పరిశోధకుడు అడగవలసిన ప్రశ్న అది. ఆ ఫలితం నాకూ కావాలి. దాన్ని తెలుసుకునే దారి నా కూతురి ఊపిరితిత్తులు.

"వద్దులే" అంది అత్తే. "తెలిసి తెలిసి బిడ్డ మీద పరీచ్చ ఏల. నేనే మానేస్తా."

మరుసటి శుక్రవారం నందిని జుట్టు తువ్వాలుతో, ఎండతో ఆరింది. ఎదురింటామె గుమ్మంలోంచే, "ఏమక్కా, మీ ఇంటికి సుక్రారం రాలేదా?" అని అరిచింది. "వచ్చె, వచ్చె. మా సామి పువ్వుతోనే సరిపెట్టుకుంటాడంట, అడిగినా" అని అత్త జవాబు.

ఆ తరవాత ఆయాసం బాగా తగ్గింది. పొగ మానడం వల్లనే తగ్గిందని రాస్తే చదివేవారికి తృప్తిగా ఉంటుంది. కానీ అదే కాలంలో కంట్రోలర్ మోతాదు మళ్లీ పెరిగింది, వానలూ వెనకపట్టాయి. పొగ ఆస్తమాను రేపుతుందన్నది సందేహం లేని విషయం. నందిని విషయంలో ఏది ఎంత పనిచేసిందో మాత్రం నేను చెప్పలేను.

పైగా అంతటితో అయిపోలేదు. బడిలో జలుబు, జ్వరం తిరుగుతున్న రోజుల్లో నందినికీ వచ్చింది. ఆ సాయంత్రం నేను తిరుగు రైల్లో ఉన్నాను. దారిలో సాత్తూర్ దాటాక ఎక్కడో సిగ్నల్ దగ్గర బండి ఆగింది. అత్త ఫోన్ చేసింది. "పాపకు జాస్తిగుండాది. మందు ఇస్తుండా. నువ్వు ఫోను పెట్టెయ్యొద్దు" అని, ఫోనును మంచం మీద పెట్టింది. ఇన్‌హేలర్‌ను ఊపుతున్న చప్పుడు వినిపించింది. "మూతి గట్టిగ మూసుకో కన్నూ. పీల్చు. ఆఁ, నిదానం. వదులు." స్పేసర్ లోపలి రెక్క టిక్కుమనడం కూడా వినిపించింది. బోగీలో ఒకతను కడలైమిఠాయి, అదే పల్లీపట్టీ, అమ్ముతూ నా ముందు నుంచి వెళ్లాడు.

"అత్తా, ప్రతి పఫ్‌కూ ముందు ఊపారా?" అని అడిగాను.

"ఊపినా. నువ్వు మాట్లాడొద్దమ్మా, దాని ఊపిరి నాకు ఇనపడల్ల."

ఫోను చెవికి ఆనించుకుని విన్నాను. ఆ మందు పేరు, పని, రసాయన నిర్మాణం అన్నీ నాకు తెలుసు. బండి కదలడం లేదు. కొంతసేపటికి, "తగ్గల్లమ్మా. ఆటో వచ్చె. ఆస్పత్రికి పోతుండాము" అని అత్త గొంతు వినిపించింది. లైను తెగిపోయింది. బండి ఎప్పుడు కదలాలో అప్పుడే కదిలింది.

కోవిల్‌పట్టి ఆసుపత్రికి నేను చేరేటప్పటికి నందిని మాస్కు వెనక కళ్లు మూసుకుని ఉంది. డ్యూటీ డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. ఇంట్లో ఎక్కడ పొరపాటు జరిగిందో చెప్పమని అడిగాను.

"ఏమీ లేదు మేడం. టెక్నిక్ కరెక్ట్. తగ్గకపోయేసరికి ఆలస్యం చేయకుండా తీసుకొచ్చారు. వైరల్ వస్తే కొందరు పిల్లలకు ఇలా అవుతుంది. ఎవరి తప్పూ లేదు."

నన్ను ఓదార్చడానికే ఆమె అలా చెప్పింది. నేను వినాలనుకున్నది మాత్రం అది కాదు. తప్పు ఉంటే దిద్దుకోవచ్చు, వచ్చేసారి జరగకుండా చూసుకోవచ్చు. అన్నీ సరిగ్గా చేసినా బిడ్డకు ఊపిరి ఆడని రోజు ఒకటి ఉంటుందని తెలిశాక, ఆ మంచం పక్కన కూర్చుని తన పాదం పట్టుకోవడం ఒక్కటే నాకు మిగిలింది. అత్త రెండో పాదం పట్టుకుంది.

ఇప్పుడు నందిని నాలుగో తరగతి. కంట్రోలర్ నడుస్తోంది. కొన్ని నెలలు ఏమీ ఉండదు. ఒక్కో జలుబు అందరినీ ఆసుపత్రి దాకా తీసుకెళుతుంది. పెద్దయ్యాక పోతుందా అని అడిగితే డాక్టరు, "తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు" అంటారు. ఆ వాక్యంలో నేను సరిదిద్దగలిగింది లేదు.

ఈ ఏడు బడి తెరిచాక నందినిని వెంటబెట్టుకుని వాళ్ల క్లాస్ టీచరును కలిశాను. "పఫ్ ఇవ్వడం నాకు తెలుసు మేడం, వీడియో చూశాను" అన్నారు. ఖాళీ స్పేసర్‌నూ ఇన్‌హేలర్‌నూ ఆమె చేతిలో పెట్టి, చేసి చూపించమన్నాను. చక్కగా చేశారు. తరవాత ఏం చేస్తారని అడిగాను. "బెంచి మీద వెల్లకిలా పడుకోబెడతాను, రెస్టు కావాలి కదా" అన్నారు, ఎంతో ప్రేమగా. "పడుకుంటే ఊపిరి ఇంకా ఆడదు మిస్. నన్ను కూర్చోబెట్టండి" అంది నందిని.

ఆస్తమా ఉన్న బిడ్డను పెంచుతున్నవారికి నేను చెప్పగలిగింది ఇదొక్కటే. బిడ్డ బాగున్న రోజున, తన దగ్గర ఉండే ప్రతి పెద్ద మనిషి చేతికీ ఇన్‌హేలర్, స్పేసర్ ఇచ్చి, చేసి చూపించమనండి. పఫ్ ఇవ్వడం సరిగ్గా వచ్చిందని తృప్తిపడి లేచి రాకండి. ఆ తరవాత ఏం చేస్తారో అడిగి, అది కూడా చూసి రండి.