సుగానుమా టీచర్ చెప్పిన మూడు పనులు

టీచర్లను కొవ్వొత్తులతో పోల్చే ఉపన్యాసాలు వింటే నాకు ఆవలింతలొస్తాయి. సుగానుమా తొమోయె కొవ్వొత్తేమీ కాదు. యాభై నాలుగేళ్ళ మనిషి, బొంగురు గొంతు. తమ్ముడి నారింజ తోటకు తిరిగే బుల్లి ట్రక్కులోనే బడికి వస్తుంది. మధ్యాహ్నం పిల్లలతో కూర్చుని గబగబా తినేసి, క్యారెట్ ముక్కలు పక్కవాడి గిన్నెలోకి ఎవరు తోస్తున్నారో కనిపెడుతుంది. జపాన్‌లో ఎహిమె తీరంలోని మా రేవు ఊళ్ళో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒకటో తరగతి ఆమెదే. చేపల వేలంలో గొంతు చించుకునే మగాళ్ళు కూడా ఆమె ఎదురైతే జేబుల్లోంచి చేతులు తీస్తారు, ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళే కనుక.

ఆమె తరగతి గడియారంలా నడుస్తుందని ఊళ్ళో పేరు. నా కూతురు మిహరు ఒక్కతే అందులో ఇమడలేదు.

పాప ఏప్రిల్‌లో చేరింది. జూన్‌లో టీచర్ ఒక కాగితం రాసింది: చెప్పింది అందుకోలేకపోతోంది, సెప్టెంబరు నుంచి నడవా చివరి ప్రత్యేక తరగతికి పంపితే మంచిది. జూలైలో బడి కమిటీ తేలుస్తుంది. ఆ గదంటే నాకు చిన్నచూపు లేదు, అక్కడ హాయిగా చదువుకుంటున్న పిల్లలు నాకు తెలుసు. మిహరుకి దాని అవసరం ఉందో లేదో ఎవరూ సరిగ్గా చూడలేదన్నదే నా బాధ.

తల్లిదండ్రులు వచ్చి పాఠం చూసే రోజున నేనూ గది వెనక నిలబడ్డాను.

"పుస్తకం బల్లలో పెట్టండి, టోపీ పెట్టుకోండి, నడవాలో వరుసలో నిలబడండి."

'పుస్తకం' అన్న మాట పూర్తయ్యేసరికే కుర్చీలన్నీ కిర్రుమన్నాయి. మిహరు పుస్తకం లోపల పెట్టి, టీచర్ ముఖంలోకి చూస్తూ కూర్చుండిపోయింది.

"మిహరు మళ్ళీ ఆగిపోయింది! ఎవరైనా కీ ఇవ్వండ్రా!" అన్నాడు ముందు బల్ల సోసుకె. పిల్లలు నవ్వారు. తల్లులు నా వైపు చూడకుండా ఉండటానికి కష్టపడ్డారు.

తర్వాత టీచర్ నన్ను పక్కకు పిలిచింది. "ఇంట్లో చెబితే చేస్తుందా అమ్మా?"

"మూడు పనులు చెబితే మూడూ చేస్తుంది టీచర్ గారూ. నాలుగోది వాళ్ళ నాన్నకి పురమాయిస్తుంది."

ఆమె నవ్వలేదు. "మంగళవారం ఇంకోసారి రండి," అంది.

మంగళవారం ఆమె నల్లబల్ల దగ్గర నిలబడలేదు. తిన్నగా వచ్చి మిహరు కుర్చీ పక్కన నిలబడింది. మా పిల్లల ఆటల టోపీకి ఒక వైపు ఎరుపు, ఒక వైపు తెలుపు. ఆ తరగతి రోజూ ఎరుపే పెట్టుకునేది.

"పుస్తకం బల్లలో పెట్టండి. టోపీ తెల్ల వైపు పైకి తిప్పి పెట్టుకోండి. ఎవరి కుర్చీ దగ్గర వాళ్ళే నిలబడండి."

మళ్ళీ అదే కిర్రు. సోసుకె ఎర్ర టోపీ తగిలించుకుని నడవాలోకి ఉరికాడు. వాడి వీపు చూసి పక్కవాడు, వాడి వీపు చూసి ఇంకొకడు. ఇరవై ఆరు ఎర్ర టోపీలు బయట చక్కగా వరుస కట్టాయి. మిహరు మాత్రం టోపీ తిప్పి తెల్లగా పెట్టుకుని కుర్చీ పక్కన నిలబడింది. ఆ తర్వాత తలుపు వైపు చూసింది. టోపీ తీసి ఎర్ర వైపుకు తిప్పబోయింది.

"తియ్యకు," అంది టీచర్, ఆ చిన్న చేతిని పట్టుకుని. "నేనేం చెప్పానో చెప్పు తల్లీ."

మిహరు మూడూ వరుసగా చెప్పింది.

"మరి రోజూ ఎందుకు కూర్చుండిపోతావు?"

"చప్పుడవుతుంది టీచర్. తర్వాతది వినపడదు."

సుగానుమా తలుపు దగ్గరికి నడిచింది. ఆపైన అందరినీ లోపలికి పిలిచి, పిల్లల ముందు నడుము దాకా వంగింది. "తప్పు నాది. మీరు నా మాట వింటున్నారనుకున్నాను. మీరు సోసుకెని చూస్తున్నారు."

"నేనెవర్ని చూడాలి మరి?" సోసుకె బిక్కమొహం వేశాడు. "టీచర్లు కూడా తప్పు చేస్తారా?"

"చేస్తారు నాయనా. నీకంటే పెద్దదాన్ని, నీకంటే ఎక్కువే చేసి ఉంటాను."

ఆ మర్నాటి నుంచి పద్ధతి మారింది. చెయ్యి పైకెత్తి, గది సద్దుమణిగేదాకా ఆగేది. ఒకే పని చెప్పేది. ఎవరో ఒకరు దాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పాకే కుర్చీలు కదలాలి. మొదటి వారం ఆ తరగతి ఆటస్థలానికి అందరికంటే ఆలస్యంగా చేరింది. హెడ్మాస్టరు గడియారం చూపిస్తే, "ఇన్నాళ్ళూ త్వరగానే వచ్చాం సార్, వినకుండా," అందట.

జూలైలో కమిటీ ముందు కూర్చుని, తను రాసిన కాగితం తనే వెనక్కి అడిగింది. అక్కడ నేనూ ఉన్నాను. "నేను పాపని చూడకుండా రాశాను. నా తరగతిలోనే ఉంటుంది, రెండో తరగతికి అందరితోపాటే వెళ్తుంది," అంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ పేరున్న మనిషికి ఆ మాట తేలిక కాదు. పిల్లల్ని ముద్దు చేసే టీచర్లను చాలామందిని చూశాను. నేను రుణపడింది మాత్రం రెండోసారి చూసిన ఈమెకి.

నడవాలో ఆమె ముందు వంగి, లేవలేకపోయాను.

"చాలమ్మా, నడుం పట్టేస్తుంది. పిల్ల ఎక్కడ?"

అప్పుడు గుర్తొచ్చింది. చెప్పుల అరల దగ్గర ఉండమని చెప్పి ముప్పావుగంట దాటింది. పరుగెత్తాను. బూట్లు తొడుక్కుని, సంచి భుజాన వేసుకుని అక్కడే నిలబడి ఉంది. పక్కన సోసుకె కూలబడి ఉన్నాడు.

"ఆంటీ, పదమంటే రాదు!" అన్నాడు వాడు. "మీరు ఉండమన్నారట. నాకూ ఇల్లు లేదా ఏంటి?"

"నిన్ను ఉండమని ఎవరన్నారు?" అంది మిహరు.