సోలార్ ముద్ర పడిన రేషన్ కార్డు

1988 జూన్‌లో నన్ను విద్యుత్ శాఖ నుంచి డిప్యుటేషన్ మీద ఆదిలాబాద్ పంపారు. హోదా అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరు. డిప్యుటేషన్ అంటే పేరు పాత ఆఫీసులో, చాకిరీ కొత్త ఆఫీసులో. కరీంనగర్‌లో సబ్‌స్టేషన్లు చూసుకున్నవాణ్ని, అక్కడ నాకు అప్పగించిన పని ఎండతో వెలిగే ఇంటి దీపాలు. బయలుదేరేటప్పుడు తోటి ఇంజనీరొకాయన "ఇగ నువ్వు సూర్యునికి లైన్‌మన్‌వు అయినవు పో" అన్నాడు. నాకూ ఆ పని కొంచెం నామోషీగానే అనిపించింది.

అడవి అంచు పల్లెలకు కరెంటు స్తంభాలు వేయాలంటే అటవీ శాఖ అనుమతి రావాలి. అది ఏళ్ల తరబడి వచ్చేది కాదు. అలాంటి చోట ఇంటి కప్పు మీద ఒక పలక, లోపల ఒక బ్యాటరీ, ఒక చిన్న ట్యూబు లైటు బిగించాలన్నది పథకం. పలకకూ బ్యాటరీకీ మధ్య ఒక డబ్బా ఉంటుంది. బ్యాటరీ అడుగంటితే ఆ డబ్బా మీద ఎర్రబుడ్డి వెలిగి, దీపం దానంతటదే ఆగిపోతుంది. ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే భరించాలని మేం ప్రతిపాదన పంపాం.

ఫైలు కొర్రీతో తిరిగొచ్చింది. కొర్రీ అంటే పై ఆఫీసువాళ్లు మార్జిన్‌లో రాసే ప్రశ్న. దానికి జవాబు రాయనిదే ఫైలు కదలదు. ఒకరి సొంతింట్లో వెలుతురుకు ప్రజల సొమ్ము ఎందుకు పెట్టాలన్నది ఆ ప్రశ్న. అడిగినవారిది తప్పు కాదు. జవాబు రాయాల్సింది నేను. నోట్లు రాయడంలో అప్పటికే నాకు కాస్త పేరుంది, ఆ పేరు మీద నాకు మోజూ ఉంది.

రెండు రోజులు ఆలోచించి రాశాను. ప్రభుత్వం ఎలాగూ రేషన్ కార్డు మీద కిరోసిన్ తక్కువ ధరకు ఇస్తోంది. ఇంట్లో సోలార్ దీపం ఉంటే కిరోసిన్ అక్కర లేదు. కాబట్టి దీపం తీసుకున్న ఇంటికి కిరోసిన్ కోటా ఆపేస్తే, ఆ మిగులుతో ఈ సబ్సిడీ సరిపోతుంది. జనం పలకలు అమ్ముకుంటారేమోనన్న అనుమానం పైవాళ్లకు రాకముందే మరో వాక్యం కూడా చేర్చాను: "దీపమును పనిచేయు స్థితిలో తిరిగి అప్పగించిన పక్షముననే కిరోసిన్ కోటా పునరుద్ధరించబడును." మా పైఅధికారి ఆ వాక్యం కింద గీత గీసి, పక్కన "బాగుంది" అని రాశారు. ఫైలు పాసయింది. ఆ ఒక్క మాటకు నేను చాలా రోజులు పొంగిపోయాను.

మొదట తీసుకున్న ఊరు నిర్మల్ అవతల, గుట్టలు మొదలయ్యే చోట ఉంటుంది. పేరు రాయను. ముప్పై ఇళ్లకు కాస్త ఎక్కువ. మగవాళ్లలో కొందరు దుబాయి పోయారు, మిగిలినవాళ్లు పొలాల్లో ఉండేవారు. ఆడవాళ్లు బీడీలు చేసేవారు. కార్ఖానా నుంచి ఆకు, తంబాకు తెచ్చుకుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టి, ఏ రోజువి ఆ రోజు అప్పగించాలి. వరసగా కొన్ని రోజులు తప్పితే కార్ఖానా పుస్తకంలో పేరు కొట్టేస్తారు. మళ్లీ ఎక్కించుకోవడం అంత తేలిక కాదు.

బడి అరుగు మీద సభ పెట్టి షరతులు చదివి వినిపించాను. అందరూ తలూపారు. వెనక కూర్చున్న ఒక ముసలమ్మ మాత్రం లేచి, "అంత మంచిగనే ఉన్నది గని బిడ్డా, ముసురు పడితే తడికట్టెలు ఎట్ల అంటుకుంటయి? గీ పలకతోని పొయ్యి అంటుకుంటదా?" అని అడిగింది. సభంతా నవ్వింది. నేనూ నవ్వాను. "అవ్వా, ఇది దీపం, అగ్గిపెట్టె కాదు" అన్నాను. ముసలమ్మ కూర్చుంది. ఆమె కోడలే లస్మవ్వ. మొగుడు చనిపోయినప్పటి నుంచి అత్తనూ తననూ బీడీల మీదే సాకుతోంది. మిగతా ఇళ్లలో బీడీలు చేతిఖర్చుకు. ఆ ఇంట్లో అవే కూడు.

నిర్మల్‌లో నేనే చేయించిన రబ్బరు ముద్రతో కార్డులన్నిటి మీద "సోలార్" అని కొట్టించాం. ముద్ర పడిన కార్డుకు కంట్రోల్ దుకాణంలో కిరోసిన్, ఊళ్లోవాళ్ల మాటలో గ్యాసునూనె, పోయరు.

ఆ చలికాలం దీపాలు బాగా వెలిగాయి. ఈ మాట గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే ఆ పనిని పూర్తిగా తీసిపారేసేవాళ్లు తర్వాత చాలామంది కనిపించారు. ఒకసారి తనిఖీకి పోతే లస్మవ్వ చాట నా ముందుకు జరిపి చూపించింది. పొగతో కండ్లు మండుడు తప్పిందనీ, మునుపటికంటే ఎక్కువ బీడీలు అవుతున్నయనీ, కార్ఖానావాళ్లు ఏరి పారేసేవి తగ్గినయనీ చెప్పింది. టూర్ డైరీలో ఆ సంగతంతా ఒక పేజీ రాశాను.

మరుసటి వానాకాలం ముసురు పట్టింది. మా లెక్కలో మబ్బు రోజులు వరసగా మూడు. అంతవరకు సరిపోయేలా బ్యాటరీ ఎంచాం. ముసురు పదకొండు రోజులు వదల్లేదు. ఇళ్లన్నిటా ఎర్రబుడ్లు వెలిగాయి. బ్యాటరీ చాలా రోజులు ఖాళీగా పడి ఉంటే లోపలి పలకలు పాడై, ఆ తర్వాత ఎంత ఎండ వచ్చినా నిండదు. పైగా జిల్లా మొత్తానికి మాకు ఉన్నది ఒక్క మెకానిక్. వాగులు పొంగి అతను పోలేకపోయాడు. వాగు దిగాక నేను జీపులో వెళ్లేసరికి ఎండ బాగానే కాస్తోంది, కానీ సగానికి పైగా ఇళ్లలో దీపాలు చచ్చిపోయి ఉన్నాయి.

లస్మవ్వ ఇంట్లో పొయ్యి దగ్గర చిరిగిన రబ్బరు చెప్పు ముక్కలు కనిపించాయి. తడికట్టెలు అంటించడానికి వాటినే కాల్చారట. ఇల్లంతా ఆ కంపే. ముసలమ్మ దగ్గుతోంది. లస్మవ్వే మాట్లాడింది.

"సారు, వాకిట్ల కూసుంటే జల్లుకు ఆకు పాడైతది. లోపట కూసుంటే మధ్యాహ్నానికే చీకటాయె. కందిలి పెడుదమంటే గ్యాసునూనె లేకపాయె. బీడీలు సగం కూడ అయితలేవు. పేరు కొట్టేస్తమంటున్నరు."

కంట్రోల్ దుకాణం డీలరును పిలిపించి, ఆమెకు కిరోసిన్ పోయమని అడిగాను. "ముద్ర ఉన్న కార్డుకు పోస్తే నా డీలర్‌షిప్ పోతది సారు" అన్నాడు. అతని మాట సబబే. పౌరసరఫరాల ఆఫీసుకు లేఖ రాశాను. వారంలోనే జవాబు వచ్చింది. అందులో నా వాక్యాన్నే అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాశారు. దీపం పనిచేయు స్థితిలో అప్పగిస్తే కోటా ఇస్తారు. పనిచేసే దీపమే ఉంటే ఆమెకు కోటా ఎందుకన్నది ఎవరికీ తట్టలేదు. రాసిననాడు నాకూ తట్టలేదు. నేను తవ్విన గోతిలో ఆమె పడింది.

దారి డీలరే చెప్పాడు. "దీపం మంచిగ పనిచేస్తున్నది, వాపస్ తీస్కున్నమని ఒక్క సంతకం పెట్టుండ్రి సారు. రేపే పోస్త" అన్నాడు. నేను కోపంగా చూశాను. అప్పటికి ఇరవై ఏళ్ల ఉద్యోగంలో తప్పుడు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టినవాణ్ని కాదు. ఆ మాట అతనితో అన్నాను కూడా. లస్మవ్వ అక్కడే నిలబడి ఉంది.

పద్ధతి ప్రకారమే పోయాను. కొత్త బ్యాటరీలకు మొదటి ఎస్టిమేట్‌లో కేటాయింపు లేదు, ఇంటికి ఒక్కసారే సబ్సిడీ అని ఉత్తర్వు. ప్రత్యేక మంజూరు కోరుతూ నోటు పెట్టాను. కొర్రీ వచ్చింది, జవాబు రాశాను. మళ్లీ కొర్రీ. మంజూరై, టెండరు అయి, బ్యాటరీలు ఊరికి చేరేసరికి దీపావళి దాటింది. లస్మవ్వ ఇంటికి తాళం వేసి ఉంది. పేరు కొట్టేశారనీ, దీపం సామాను తమకు అప్పగించి, అత్తను తీసుకుని ఆదిలాబాద్ పోయిందనీ పక్కింటివాళ్లు చెప్పారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదంతా నా భార్యతో చెప్పాను. "గ్యాసునూనె లేకుంట తడికట్టె ఎట్ల అంటుకుంటదనుకున్నరు? వేములవాడల మీ ఇంట్ల మీరెన్నడన్న పొయ్యి అంటించిండ్రా?" అంది. లేదు. నోటు రాసే ముందు ఆమెను అడిగినా సరిపోయేది.

తర్వాతి వేసవిలో ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లు ముందు లస్మవ్వ కనిపించింది. పత్తి ఏరే పనిలో ఉంది. తల నిండా దూది పోగులు. అత్త చలికాలంలో పోయిందని చెప్పింది. ఆ వెంటనే తనే అడిగింది:

"దీపం బాగైందా సారు?"

బాగైందన్నాను.

"ఎవరికన్న ఇయ్యుండ్రి. మంచి దీపం. గని ఆళ్ల గ్యాసునూనె తియ్యకుండ్రి."

ఆ ఏడాదే నోటు పెట్టి ఆ షరతు ఎత్తివేయించాను. మండలానికొక మెకానిక్‌ను కూడా అడిగాను. అది మంజూరు కాలేదు.

ఇప్పుడు పట్నాల్లో డాబాల మీద పలకలు చూసి, ఇంటి సోలారుకు సబ్సిడీ దండగ కాదా అని నన్ను అడుగుతుంటారు. కాదనే చెబుతాను. ఆ వెలుతురులో చుట్టిన బీడీలు నేను కళ్లారా చూశాను. అయితే ఇచ్చేది వస్తువుకు మాత్రమే ఇచ్చి, బాగుచేసే మనిషికి ఇవ్వకపోతే అది సగం సాయం. ఇంట్లో ఉన్నదాన్ని తీసుకుని దానికి బదులుగా ఇస్తే అది సాయమే కాదు.

నా మట్టుకు నేను నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. సోలార్ ఇంటికి కిరోసిన్ అక్కర లేదని రాసినప్పుడు అది నిజమో కాదో నాకు తెలియదు. తెలిసినట్టు రాసి సంతకం పెట్టాను. అదీ తప్పుడు సర్టిఫికెట్టే. డీలరు అడిగిన రెండోదాని మీద కూడా సంతకం పెట్టి ఉంటే, లస్మవ్వ పేరు కార్ఖానా పుస్తకంలో నిలిచేది.