కొళాయికి బొట్టు

మా పెరట్లోకి కొళాయి వచ్చి రెండు నెలలైంది. మా అత్తగారు మాత్రం భుజం నొప్పితో మూలుగుతూనే, తడి చీరతో నూతిలోంచే మడినీళ్ళు తోడుతున్నారు. నన్ను ముట్టుకోనివ్వరు. నిన్న నూతి గట్టు మీద కాలు జారి, చేంతాడు పట్టుకుని ఆగారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఈ రోజు పొద్దున్న మళ్ళీ చేద పట్టుకుని బయల్దేరుతుంటే అడ్డంగా నిలబడ్డాను.

"కొళాయి లోపల తోలు బిళ్ళ ఉంటాదిటే. తోలు తగిలిన నీళ్ళతో దేవుడికి వంటేటి?" అన్నారు.

"మావయ్యగారు రోజూ గుళ్ళో దేవుడి ముందు వాయించే మృదంగానికి ఉన్నదేమిటి అత్తయ్యా?" అన్నాను.

వసారాలో శ్రుతి చేసుకుంటున్న మావయ్యగారి చెయ్యి ఆగిపోయింది.

అత్తగారు చేద కింద పెట్టేశారు. లోపలికెళ్ళి పసుపు, కుంకుమ తెచ్చి కొళాయికి బొట్టు పెట్టారు. దండం పెట్టుకుని, కింద బిందె పెట్టి తిప్పారు.

సాయంత్రం పక్కింటి పిన్నిగారితో అంటున్నారు కదా, "దేవుడి పనికొచ్చే తోలుకి మైలేటి? నేను మొదట్నుంచీ అదే అంటన్నాను. మా కోడలికే తెలీలేదు."

మా ఇళ్ళల్లో ఆచారం వదిలేశామని ఎవరూ ఒప్పుకోరు. దాన్నే కాస్త పక్కకి జరిపి, కొత్తదానికి పీట వేస్తారు. మాట మార్చకుండానే మారిపోయిన పెద్దవాళ్ళు మీ ఇంట్లోనూ ఉంటే చెప్పండి.

గెలిచింది తానేనని అత్తగారిని అనుకోనివ్వండి. చేంతాడు చుట్టి అటక మీద పడేసింది నేను.