ఏడాదికని రాసిచ్చిన రేటు

కేబుల్ అతను మా గోడకు నిచ్చెన ఆనించేసరికి అమ్మ జాకెట్టుకు చేతులు అతుకుతోంది. మిషను ఆపకుండానే అడిగింది.

"ఏమప్పా, పొద్దున్నే ఎక్కుతాండావు? బొమ్మ బాగానే వస్తాండాదే."

"కట్ చేయాల అక్కా. ఎక్స్‌ట్రా కట్టనోళ్లకి నిన్నటితో గడువు అయిపోయింది," అన్నాడు అతను, నిచ్చెన మీద నుంచే.

అమ్మ మిషను ఆపింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట ఇది. మేము పెనుకొండలో ఉండేవాళ్లం. నాయన మండలాఫీసులో గుమాస్తా. అమ్మ ఎనిమిదో తరగతి దాకా చదువుకుని, పెళ్లయ్యాక కుట్టు నేర్చుకుంది. నేను హిందూపురంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ రోజూ ప్యాసింజరు రైల్లో వెళ్లి వచ్చేదాన్ని. మా ఇంట్లో టీవీ ఎక్కువగా అమ్మదే. అయితే ఆమె చూసేది కాదు, వినేది. కళ్లు సూది మీదా చెవులు టీవీ మీదా పెట్టి, ఏ సీరియల్లో ఎవరు ఏడుస్తున్నారో గొంతును బట్టి చెప్పేసేది.

ఆ ఏడాది ఉగాదికి ముందు కేబుల్ అతను ఇంటింటికీ ఒక కాగితం పంచాడు. ఏడాది డబ్బు ఒకేసారి కడితే రెండు నెలలు ఉచితం. కింద ఎర్ర అక్షరాలతో, 'ఏడాది వరకు రేటు పెంచము' అని ఉంది. అమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. నెల నెలా చిల్లర వెతుక్కునే బాధ తప్పుతుందని తాను కట్టింది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లకు చెప్పి వాళ్ల చేతా కట్టించింది. అలా మా వీధిలో పదకొండు ఇళ్లు ఆ స్కీములో చేరాయి.

ఐదో నెలలో గుమ్మాలకు చీటీలు వచ్చాయి. పే చానళ్ల రేట్లు పెరిగాయట, ఏడాదికి కట్టినవాళ్లు కూడా ఇకనుంచి నెలకు యాభై రూపాయలు అదనంగా కట్టాలట. వీధి మొత్తం సణిగింది. సణుగుతూనే సగం మంది కట్టేశారు. వాళ్లలో ఒకామె జాకెట్టు తీసుకోవడానికి వచ్చి, "నువ్వు చెప్తేనే కదమ్మా చేరింది," అని మామూలుగానే అని వెళ్లిపోయింది. ఆ మాటకు అమ్మ ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

అందుకే నిచ్చెన చూడగానే లేచి బయటికి వెళ్లింది. చేతిలో కత్తెర అలాగే ఉంది.

"ఏడాదికి రేటు పెంచమని రాసిచ్చినావా లేదా?"

"రాసిచ్చినా అక్కా. పైనోళ్లు పెంచితే మేమేం చేసేది?"

"పైనోళ్లు నీకు పెంచినారు. నువ్వు నాతో ఏడాదికి మాట్లాడుకున్నావు. వాళ్లతో నువ్వు తేల్చుకో."

"నాకేం తెలీదక్కా. హిందూపురంలో మా ఓనరు కట్ చేయమన్నాడు."

"చెయ్ అయితే. మిగిలిన నెల్లకి నా దుడ్లు ఈడ పెట్టి చెయ్. నాకు నీ కేబులే వద్దు."

అతను జేబులోంచి కట్టర్ తీశాడు. చెడ్డవాడేమీ కాదు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మందులు తెచ్చిపెట్టినవాడు. "స్కీములో మధ్యలో మానుకునేది లేదక్కా," అని చిన్నగా అని వైరు కత్తిరించాడు. ఇంట్లో టీవీ తెర మీద చుక్కలు వచ్చాయి.

సాయంత్రం నాయనకు విషయం చెబితే తల పట్టుకున్నాడు. "యాభై రూపాయలకి ఇంత రచ్చ అవసరమా? ఆ ఓనరు హిందూపురంలో పెద్దోడు. మనకెందుకు?" అన్నాడు. ఆయనకు క్రికెట్ పిచ్చి. మరుసటి రోజు నుంచి మ్యాచ్ ఉన్నప్పుడల్లా బస్టాండు దగ్గర టీ అంగడిలో నిలబడి చూసి వచ్చేవాడు. వచ్చాక స్కోరు చెప్పేవాడు కాదు. అదే ఆయన నిరసన.

ఆ వారమే అమ్మ నాతోపాటు రైలెక్కింది. నేను కాలేజీ మానేశాను. హిందూపురంలో కేబుల్ ఓనరు ఆఫీసు ఒక మిద్దె మీద ఉంది. పైకప్పు మీద పెద్ద పెద్ద డిష్‌లు, లోపల గోడ నిండా మిణుకుమిణుకుమనే పెట్టెలు. ఓనరు చాలా మర్యాదగా మాట్లాడాడు. "రాండమ్మా, కూచోండి," అని కాఫీ తెప్పించాడు. అమ్మ కాఫీ ముట్టుకోలేదు. రసీదు తీసి బల్ల మీద పెట్టింది.

ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి, వేలితో చూపించాడు. చీమ తలకాయలంత అక్షరాల్లో ఒక వరస. 'రేట్లు మార్చే హక్కు యాజమాన్యానికి కలదు.' డిగ్రీ చదువుతున్నదాన్ని, నేనైనా ఆ వెనక వైపు చూసి ఉండాల్సింది అనిపించింది. అమ్మ మాత్రం కళ్లద్దాలు పైకి తోసుకుని తీరిగ్గా చదివింది.

"మార్చుకునే హక్కు మీకుండాది. సరే. మార్చినప్పుడు మానుకునే హక్కు నాకుండొద్దా? అది యాడ రాసినారు?"

ఓనరు నవ్వాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "అమ్మా, మీరు ఇంత దూరం వచ్చినారు. మీ ఒక్క ఇంటికీ పాత రేటే ఇస్తా. సాయంత్రానికి లైను కలుపుతారు. వీధిలో మాత్రం ఎవురికీ చెప్పొద్దండి."

నేను సంతోషంగా అమ్మ వైపు చూశాను. గెలిచాం అనుకున్నాను. అమ్మ రసీదు తీసి మడిచి సంచిలో పెట్టుకుంది.

"నా మాట మీద పది ఇండ్లోళ్లు మీకు కట్టినారు. వాళ్లకి తెలీకుండా నేను ఇంట్లో టీవీ పెట్టుకుని కూచోవాల్నా? వద్దులేప్పా."

మెట్లు దిగుతూ, "కాఫీ తాగి ఉండాల్సింది నువ్వు, రైలు ఆలస్యం," అంది నాతో. నాకు కోపం వచ్చింది. స్టేషన్ దాకా ఆమెకు ముందే నడిచాను. పదిహేను నిమిషాల్లో తేలిపోయే పనిని ఎందుకు పెంచుకుంటోందో ఆ రోజు నాకు నిజంగా అర్థం కాలేదు.

నాలుగు రోజుల తర్వాత ఓనరు తరఫున ఎవరో నాయన ఆఫీసుకు వెళ్లారు. అందరి ముందూ, "ఏమప్పా, మీ ఇంట్లో ఆడోళ్లను అదుపులో పెట్టుకో," అన్నారట. నాయన ఎవరినీ ఎదిరించి ఎరగడు. ఆ వచ్చినవాడికి ఏం జవాబు చెప్పాడో మాకు ఇప్పటికీ తెలియదు. ఇంటికి వచ్చి చొక్కా తగిలించి, అమ్మ మిషను పక్కన నిలబడి, "యాడికి పోవాల్నో పో. నేను సెలవు పెట్టి తోడొస్తా," అన్నాడు. అమ్మ చేతిలో దారం తెగింది.

మా కాలేజీ లెక్చరరు ఒకాయన వినియోగదారుల ఫోరం గురించి చెప్పాడు. అనంతపురంలో ఉందని, తెల్లకాగితం మీద రాసిచ్చినా తీసుకుంటారని, వకీలు లేకుండా మనమే మాట్లాడుకోవచ్చని. ఆ ఫిర్యాదు రాయడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. నేను పుస్తకాల భాషలో పెద్ద పెద్ద మాటలతో రెండు పేజీలు నింపాను. అమ్మ చదివించుకుని, "ఇదంతా ఎవురి కోసం? జరిగింది రాయి," అంది. చివరికి ఒక్క పేజీ మిగిలింది. హిందూపురంలో మానుకునే హక్కు గురించి ఆమె అన్న మాట యథాతథంగా అందులో పెట్టాను. పదకొండు ఇళ్లలో నలుగురే సంతకాలు చేశారు. మిగతావాళ్లకు భయం. అమ్మ వాళ్లను ఒక్క మాట అనలేదు.

మొదటి వాయిదాకు ముందు రోజు ధర్మవరంలో దిగి పెద్దమ్మ ఇంట్లో పడుకున్నాం. పెద్దమ్మ పట్టుచీరలు నేసేది. ఆమె కూడా మొదట నాయనలాగే మాట్లాడుతుందనుకున్నాను. మగ్గం గుంటలో కూర్చుని కథంతా విని, ఆమె తన సంగతి ఒకటి చెప్పింది.

"నువ్వు పుట్టకముందు మా షావుకారి ఇట్లే చేసినాడు. చీర సగం నేసినాక కూలి తగ్గిస్తానన్నాడు. తగ్గించేదుంటే పడుగు ఇచ్చేటప్పుడే చెప్పు, ఇష్టమైతే నేస్తాం, లేకుంటే లేదు అన్నాం. వినలా. ఆరు మంది ఎనిమిది దినాలు చీర మీద చెయ్యి పెట్టలా."

"ఏమైంది పెద్దమ్మా?"

"పెండ్లి చీరలవి. ముహూర్తం ఆగుతాదా? తొమ్మిదో దినం వచ్చి పాత కూలే ఇచ్చినాడు." తర్వాత అమ్మ వైపు చూసి, "రేపు నేనూ వస్తా," అంది.

ఫోరంలో మొదటి రెండు వాయిదాలకు ఓనరు రాలేదు. రెండుసార్లూ అమ్మ కుట్టు పని మానుకుని, నాయన సెలవు పెట్టుకుని, పెద్దమ్మ మగ్గం దిగి వచ్చి ఉత్త చేతులతో తిరిగి వెళ్లాం. మూడోసారి ఆయన వకీలును తీసుకుని వచ్చాడు. వకీలు రసీదు వెనక ఉన్న వరస చదివాడు. అధ్యక్షుడు అమ్మను మాట్లాడమన్నారు. అమ్మ లేచి నిలబడింది.

"సార్, ఎర్ర అక్షరాలు చదివి నేను దుడ్లు కట్టినా. వెనక ఉండేది ఎవురూ నాకు చూపించలా. సరే, అది కూడా ఒప్పుకుంటా. రేటు మారినాది, నాకు వద్దు, నా మిగిలిన దుడ్లు ఇచ్చేయండి అన్నా. అది కూడా కుదరదంటే ఇంక నాకేం మిగిలినాది సార్?"

అధ్యక్షుడు వకీలు వైపు తిరిగి, "ఆమె అడిగిన దానికి జవాబు చెప్పండి," అన్నారు. వకీలు మళ్లీ ఆ వెనక వరసే చదివాడు.

ఉత్తర్వు వచ్చేసరికి స్కీము ఏడాది ఎలాగూ అయిపోయింది. వాడుకోని నెలల డబ్బు, మా రానూపోనూ ఖర్చులు ఇవ్వాలని రాశారు. రేటు మధ్యలో మారిస్తే, వద్దనుకున్నవాళ్లకు మానుకునే అవకాశం ఇచ్చి మిగిలింది తిరిగి ఇవ్వాల్సిందే అని కూడా రాశారు. నాయన ఆ కాగితాన్ని ఆఫీసులో తన బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు, వచ్చిన ప్రతివాడికీ కనిపించేలా.

మా వీధి ఆడవాళ్లు దాని జిరాక్సులు తీయించుకున్నారు. సంతకం చేయడానికి భయపడినవాళ్లే ఓనరు ఆఫీసుకు ముందు బయలుదేరారు. కేబుల్ అతను ఒక ఆదివారం ఇంటింటికీ వచ్చి అదనంగా తీసుకున్నది తిరిగి ఇచ్చాడు. మా ఇంటికి చివర్లో వచ్చాడు. అమ్మ అతనికి మజ్జిగ ఇచ్చింది.

"నా మీద కోపమా అక్కా?"

"నీ మీద కాదప్పా."

పెద్దమ్మకు మాత్రం కలిసి రాలేదు. ధర్మవరంలో ఆమె లైను వేరే వాళ్లది. అదే తరహా స్కీము, అదే తరహా పెంపు. జిరాక్సు తీసుకుని వెళితే, "ఇది మాది కాదు పో," అన్నారు. పెద్దమ్మ ఆ రోజే వాళ్ల వైరును తానే పీకి చుట్టగా చుట్టి, వాళ్ల ఆఫీసు గుమ్మంలో పడేసి వచ్చింది. ఆ డబ్బు పోయినట్టే. ఆమె కొడుకు మిద్దె మీద పాత యాంటెనా నిలబెట్టాడు. బొమ్మ సరిగా రాకపోయినా, ఆ కేబుల్ వాళ్లు ఎన్నిసార్లు వచ్చి అడిగినా మళ్లీ పెట్టించుకోలేదు.

ఆ తర్వాత వచ్చిన ఉగాదికి మా దగ్గర ముందే చెప్పి మొదటి రోజు నుంచే రేటు పెంచారు. మా వీధిలో రెండిళ్లు మానుకున్నాయి, మిగతావి ఉంచుకున్నాయి. మేము మళ్లీ లైను పెట్టించుకుని నెల నెలా కట్టే పద్ధతికి మారాం. ఇంత గొడవా అయ్యాక ఎక్కువ రేటుకు ఒప్పుకున్నావేమని నేను ఎగతాళిగా అడిగాను.

"ఒప్పుకోక? ముందే చెప్పినారు, ఇష్టపడి కడతాండా," అంది అమ్మ. "వచ్చే నెల ఇష్టం లేకపోతే మానేస్తా. ఎవురు ఆపుతారో చూస్తా."