లోలాక్షి అక్క పంపిన ఆఖరి మార్పు

మా గురువు లోలాక్షి గారు గుండెపోటుతో కన్నుమూశారన్న వార్త ఆవిడను సాగనంపాక కూడా నా బుద్ధికి ఎక్కలేదు. సొంతూరు సుమ్మాదేవి నుంచి ఆవిడ తమ్ముడు ఫోన్ చేసి "అక్క పోనాది బావా" అంటే, "ఏటి వాగుతన్నావు? నిన్న సాయంత్రమే నాకు పని పంపినాది" అని కసిరాను. దుఃఖంలో ఉన్నవాణ్ణి పట్టుకుని తిట్టాను. యాభై ఏళ్లైనా నిండని మనిషి, ముందురోజు నన్ను ఆటపట్టించి నవ్విన మనిషి, తెల్లారేసరికి దివంగతురాలు ఎలా అవుతుంది?

అప్పటికి ఆవిడ పంపిన పని నా కంప్యూటర్ తెర మీదే ఉంది. ఉద్దానం పల్లెల కిడ్నీ రోగులను పలాసకు డయాలసిస్‌కి తీసుకొచ్చే ఆటోలు ఏ ఊరికి ఎప్పుడు వెళ్లాలో చెప్పే ప్రోగ్రాం మాది. అందులో అక్కుపల్లి ఆటో వేళను ముందుకు జరుపుతూ అక్క రాసిన మార్పు అది. ఎవరి మార్పైనా మరొకరు చదివి సరేనన్నాకే అసలు ప్రోగ్రాంలో కలుస్తుంది. దీన్ని చదవవలసినవాణ్ణి నేను. సోమవారం ఉదయానికల్లా కొత్త వేళ అమలులోకి రావలసి ఉంది. అక్క లేరన్న మాటనే నమ్మలేనివాణ్ణి, ఆ అక్షరాలు చదివేదెలా?

విశాఖలో సర్వర్ల నిర్వహణ ఉద్యోగం చేసి, దాన్ని వదిలి వచ్చి, జీడిపప్పు ఫ్యాక్టరీ మేడ మీద గది అద్దెకు తీసుకుని మాకు గిట్ నేర్పిన విదుషీమణి ఆవిడ. ఒకే ప్రోగ్రాం మీద పదిమంది పనిచేస్తున్నప్పుడు ఎవరు ఏ మార్పు చేశారో గుర్తుంచుకుని, అవసరమైతే వెనక్కి తిప్పగలిగే పద్ధతే గిట్. అంతకుముందు మాకు తెలిసిన పద్ధతల్లా ఫోల్డర్లు పెంచుకుంటూ పోవడమే. టెక్కలి నుంచి వచ్చే మా డిల్లేశ్వరరావు కంప్యూటర్‌లో "ఫైనల్", "కొత్త ఫైనల్", "ఇదే ఫైనల్" అన్నీ ఉండేవి. "ఏరా డిల్లీ, ఇన్ని ఆఖర్లు ఎట్టుకుని ఏ ఆఖరు కాడ ఆగుతావురా?" అని ఆవిడ అడిగితే గదంతా గొల్లుమంది.

ఒకరి పనిని మరొకరు చదవాలన్న నియమం ఆవిడకు తల్లి నుంచి వచ్చింది. ఆ తల్లి జీడిపప్పు ఏరే పని చేసేవారు. ఒకరు ఏరిన పప్పును మరొకరు తిరగేసి చూశాకే డబ్బాకు మూత పడేదట. "మాయమ్మ ఏరిన పప్పే ఇంకొకలు సూసీవోరు. నేనేటి మాయమ్మ కన్నా గొప్పదాన్నేటి?" అని తన రాతను కూడా మా ముందు పెట్టేవారు. అంతటి పాండిత్యానికి అంతటి వినయం ఎలా అబ్బిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

తుఫాను కొబ్బరితోటల్ని నేలమట్టం చేసినప్పుడు కరెంటు లేక, నెట్ లేక ఎవరిళ్లలో వాళ్లం పనిచేశాం. తీరా అన్నీ కలపబోతే డిల్లీ మార్పూ నా మార్పూ ప్రోగ్రాంలో ఒకే వరుస మీద ఢీకొన్నాయి. నాది ఉంచాలంటే నాది ఉంచాలని ఇద్దరం గొంతులు చించుకున్నాం. అక్క కోప్పడలేదు. "గొడవొచ్చినాదంటే ఇద్దరూ పని సేసినారనే కదా! ఏటి మార్సినారో మెషీను సెప్తాది. ఎందుకు మార్సినారో మీరే సెప్పాల" అన్నారు. చెట్లు పడి ఒక ఊరి దారి మూసుకుపోయిందని డిల్లీ ఆ ఊరిని ఆటో వెళ్లే ఊళ్లలోంచి తీసేశాడు. రెండో వైపు దారి తెరిచే ఉందని నేను ఉంచాను. ఇద్దరి కారణాలూ విని, ఆటోను ఆ రెండో దారిన పంపేలా వరుసను మా చేతే తిరగరాయించారు.

సుమ్మాదేవిలో ఆవిడను సాగనంపి వచ్చాక, ఆదివారం, గదిలో కూర్చుని ఆ మార్పు తెరిచాను. ఎందుకు మారుస్తున్నారో ఎప్పటిలాగే మొదటే రాశారు. అక్కుపల్లి పెద్దాయన ఒకరికి ఎండ పడటం లేదట, అందుకని ఆటో పొద్దున్నే వెళ్లాలి. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాను. అక్కుపల్లి వేళ మారింది గానీ, అదే ఆటో తర్వాత ఆగే ఊరి వేళ మారలేదు. ఇలాగే కలిపేస్తే ఆటో వెళ్లిపోయాక గానీ ఆ ఊరివాళ్లు రోడ్డు మీదికి రారు. వాళ్లకు ఆ రోజు డయాలసిస్ తప్పిపోతుంది.

వెంటనే ఆ వరుస కింద "అక్కా, తర్వాత ఊరి వేళ కూడా మార్చాలి కదా, ఒకసారి సూడు" అని రాసి పంపేశాను. పంపి, జవాబు కోసం తెర వంక చూస్తూ కూర్చున్నాను.

పక్కనుంచి డిల్లీ మెల్లగా అడిగాడు. "ఎవలికి రాత్తన్నావు మావా?"

అప్పుడు తెలిసింది నాకు, అక్క లేరని. శ్మశానంలో రాని ఏడుపు అప్పుడొచ్చింది.

తర్వాత ఊరి వేళను నేనే సరిచేశాను. ఎందుకు మార్చానో రాశాను. డిల్లీ కళ్లు తుడుచుకుంటూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి సరేనన్నాడు. అక్క పేరు, దాని కింద నా పేరు కలిసి అసలు ప్రోగ్రాంలోకి వెళ్లాయి. సోమవారం రెండు ఊళ్లవాళ్లూ వేళకు ఆటో ఎక్కారు.

ఈ ప్రాంతానికి ఇలాంటి గురువు మళ్లీ దొరకరు. ఆ మహనీయురాలి పాదాలకు మా అందరి తరఫునా నమస్కరిస్తున్నాను. ఆవిడ బతికున్నన్నాళ్లూ ఆవిడ పనిలో నాకు ఒక్క తప్పూ దొరకలేదు. దొరికిన ఈ ఒక్కటీ చూపిద్దామంటే ఆవిడ లేరు.