సైకిలు రాని సైకిలు యాత్ర నాయకుడు

కంప్యూటర్ చదువు చదివినవాడు సాయంత్రం ఒక ఉద్యోగం మానేస్తే, మర్నాడు పొద్దున టిఫిను తినేలోగా ఇంకో మంచి ఉద్యోగం దొరికే రోజులవి. సింగపూర్ అంతా అలా వెలిగిపోతూ ఉంటే నేను మాత్రం ఆ చదువు చదవకుండా వచ్చాను. మలేసియాలో ఒక పామాయిలు తోటలో పుట్టి, బడి చదువుకి పదిహేడో ఏట దండం పెట్టి, వంతెన దాటి ఇటు వచ్చినవాణ్ణి. బుకిట్ బటోక్‌లో మా మేనత్త ఫ్లాట్‌లో ఒక చిన్న గది, ఒక ట్రావెల్ ఏజెన్సీలో టిక్కెట్లు రాసే పని, ఒక లైబ్రరీ కార్డు, ఇవే నా ఆస్తులు. మూడింటిలో కార్డే గొప్పదని నా నమ్మకం. ఇంజనీర్లు నాలుగేళ్లు ఒకే విషయం చదివితే నేను వారానికి నాలుగు విషయాలు చదువుతున్నాను కదా అని లోలోపల ఒక లెక్క. (ఆ లెక్క తప్పని ఇప్పుడు తెలుసు. కానీ ఇరవై నాలుగేళ్ల వయసులో ఆ గర్వమే లేకపోతే పొద్దున్నే లేచి ఇస్త్రీ చొక్కా వేసుకోవడానికి కారణం ఉండేది కాదు.)

మా టౌకే (ఇక్కడ యజమానిని అలాగే అంటారు) ఒకరోజు ఒక కొత్త సరుకు తెచ్చాడు. ఇటలీలోని సిసిలీ దీవిలో ఎనిమిది రోజుల సైకిలు యాత్ర. అక్కడి వాళ్లు గైడునీ, సైకిళ్లనీ ఇస్తారు. మనం మనుషుల్ని పోగు చేసి, వాళ్లతో మన మనిషిని ఒకణ్ణి పంపాలి. ఏడు రోజుల్లో తొమ్మిది దేశాలు చూపించే బస్సు యాత్రలు అప్పటికే అందరికీ మొహం మొత్తాయి. చేతిలో డబ్బు ఆడుతున్న కుర్ర ఇంజనీర్లు కొత్తదేదైనా కావాలంటున్నారు. అటువైపు వాళ్లు పంపిన నాలుగు పేజీల కాగితం ఒకటి నా చేతికిచ్చి దీన్ని అమ్మమన్నాడు టౌకే. నేను ఆ కాగితాన్ని పైపైన చూసి సొరుగులో పడేశాను. నాలుగు పేజీలతో నాకేం పని? ఆ వారమే లైబ్రరీ నుంచి సిసిలీ మీద ఆరు పుస్తకాలు మోసుకొచ్చాను. గ్రీకుల గుళ్లు, అరబ్బులు తెచ్చిన నిమ్మతోటలు, అగ్నిపర్వతం ఎప్పుడెప్పుడు కక్కింది, అన్నీ పట్టేశాను. పనిలో పనిగా సైకిలు మరమ్మతు మీద కూడా ఒక లావుపాటి పుస్తకం తెచ్చి గేర్లు, చైను, సీటు ఎత్తు అన్నీ కంఠస్థం చేశాను. ఒక్కటే లోటు. నాకు సైకిలు తొక్కడం రాదు. చిన్నప్పుడు తోటలో ఒకసారి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాక మళ్లీ దాని జోలికి వెళ్లలేదు.

ఆ సంగతి చెప్పే అవసరం రాలేదు, అదే నా కొంప ముంచింది. ఆఫీసులో ఒక సాయంత్రం జనాన్ని పిలిచి కాఫీ ఇచ్చి యాత్ర గురించి చెప్పాను. వచ్చినవాళ్లలో గుంటూరు నుంచి వచ్చిన ఒక ఇంజనీరు ఉన్నారు. డబ్బు కట్టకముందే హెల్మెట్ కొనుక్కుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మనసులో ఆయనకి హెల్మెట్ గారు అని పేరు పెట్టుకున్నాను. ఆయన "ఎత్తు రోడ్డుకి ఏ గేరు మంచిదండీ?" అని అడగడమే ఆలస్యం, నేను ముందు పళ్లచక్రం, వెనక పళ్లచక్రం అంటూ పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. సీటు ఎక్కువ దించితే మోకాళ్లు ఎలా పాడవుతాయో కూడా చెప్పాను. అంతా చప్పట్లు కొట్టారు. తలుపు దగ్గర నిలబడి విన్న టౌకే నా భుజం తట్టి "వా! యూ సో ప్రో, ఆ? గుడ్ లా. యూ లీడ్!" అన్నాడు. ఎనిమిది మంది అక్కడికక్కడే పేర్లిచ్చారు. ఆ గుంపుకి నాయకుణ్ణి నేను.

అప్పుడే చెప్పేయవచ్చు కదా అంటారు. నా ఆరు నెలల పరీక్షాకాలం ఇంకో నెలలో ముగుస్తుంది. ఉద్యోగం ఖాయం చేస్తేనే నాకు ఇక్కడ ఉండే పర్మిటు. లేకపోతే పెట్టె సర్దుకుని మళ్లీ వంతెన అవతలికే. సిసిలీ గుంపు బాగా నడిస్తే ఖాయం ఉత్తరం ఇస్తానని టౌకే నాతో ముందే అన్నాడు. అందుకని నోరు మూసుకుని, తెలివి తెరిచాను.

యాత్రకి ముందు ఈస్ట్ కోస్ట్ సముద్రపు ఒడ్డున నాలుగు ఆదివారాలు సాధన పెట్టాం. మొదటి ఆదివారం అందరూ అద్దె సైకిళ్లు ఎక్కగానే నేను గంభీరంగా "మీరు మెల్లగా రండి. నేను ఒక సైకిలు తీసుకుని అడ్డదారిన ముందు వెళ్లి హాకర్ సెంటర్‌లో చోప్ చేస్తాను" అన్నాను. హాకర్ సెంటరంటే వరసగా తిండి అంగళ్లు, అందరికీ కలిపి బల్లలు. అక్కడ బల్ల మీద ఒక టిష్యూ పొట్లం పెట్టిపోతే ఆ బల్ల మీ సొంతం. ఎంత రద్దీ ఉన్నా, ఎంత ఆకలి మీద ఉన్నా, ఆ పది కాగితాల పొట్లాన్ని ఎవరూ ముట్టరు. దానికే చోప్ చేయడమని పేరు. వాళ్లు మలుపు తిరిగే దాకా చెయ్యి ఊపి, ఆ వెంటనే పరుగున వెళ్లి బస్సెక్కాను. వాళ్లు చెమటలు కక్కుతూ వచ్చేసరికి సముద్రపు గాలి తగిలే చోట మూడు బల్లలు, వాటి మీద మూడు పొట్లాలు, పక్కన చెరుకురసం గ్లాసులతో నేను. "అబ్బ, మా కంటే ఎంత ముందొచ్చేశారండీ! ఒక్క చెమట చుక్క లేదు!" అని హెల్మెట్ గారు ఆశ్చర్యపోయారు. సాధన అని వినయంగా చెప్పాను.

రెండో ఆదివారమూ అంతే. మూడో ఆదివారం హెల్మెట్ గారు అడ్డం తిరిగారు. "ప్రతిసారీ మీరే కష్టపడుతున్నారండీ. ఇవాళ చోప్ నేను చేస్తా. మీరు మావాళ్లతో తొక్కండి" అని తన సైకిలు నా చేతిలో పెట్టారు. నేను హ్యాండిల్ పట్టుకుని, చక్రం వైపు వంగి, "గాలి కొంచెం తక్కువైనట్టుందే" అన్నాను. ఎనిమిది సైకిళ్ల గాలీ చూశాను. తర్వాత బ్రేకు తీగలు, ఆ తర్వాత చైన్లు. పుస్తకంలో ఎన్ని అధ్యాయాలున్నాయో అన్నీ అక్కడ నేల మీద మోకాళ్లేసి అప్పజెప్పాను. తొమ్మిదో అధ్యాయంలో ఉండగా సింగపూర్ వాన నా మొర ఆలకించింది. సాధన రద్దయింది. తడిసిన నా అంత ఆనందంగా ఆ రోజు ఎవరూ లేరు. ఆ ఆనందం సోమవారం దాకే. టౌకే నన్ను పిలిచి, వచ్చే ఆదివారం తను కెమెరా పట్టుకుని వస్తాననీ, నేను ముందు తొక్కుతూ వెనక ఎనిమిది మంది వస్తుండగా ఫోటో తీసి ప్రకటనలో వేస్తాననీ చెప్పాడు.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని అత్తకి అంతా చెప్పేశాను. మా అత్త తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి తోటలకి వచ్చిన కుటుంబంలో పుట్టింది. ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. అంతా విని నవ్వలేదు. ఇంకో గరిటె పప్పు వేసింది. "సైకిలంటే పుస్తకం కాదురా సదువులోడా, తొడమీద పెట్టుకు సదవడానికి. రేపు తెల్లారి లెగు" అంది.

తెల్లవారుతూనే కారు పార్కు మేడ పై అంతస్తుకి తీసుకెళ్లింది. అక్కడ కార్లుండవు. కింద చేపలమ్మే మామ దగ్గర బరువైన పాత సైకిలొకటి అడిగి తెచ్చింది. దాన్ని తోసుకొస్తూ ఉంటే ఆమె నడకే మారిపోయింది. పెళ్లికి ముందు అత్త రబ్బరు పాలు నింపిన డబ్బాలు రెండు కట్టుకుని తోటల్లో సైకిలు మీద తిరిగేదని అప్పటి దాకా నాకు తెలియదు. (ఒకే ఇంట్లో రెండేళ్లున్నాను. సిసిలీ రాజుల వంశవృక్షం తెలుసు కానీ ఇది తెలియదు.) లుంగీలా చుట్టుకున్న సరోంగ్ చెంగు బిగించి, రెండు రౌండ్లు తొక్కి చూపించి, దిగి, సీటు వెనక పట్టుకుంది.

"ఎక్కు."

"అత్తా, ముందు బరువు ఎడమ కాలి మీద వేసి, ముప్ఫై డిగ్రీల కోణంలో..."

"నోరు ముయ్యి. కాలు తొక్కు. కిందకి సూడకు, ముందుకి సూడు. పెలాన్, పెలాన్!" (మెల్లగా అని మలయ్ మాట. నేను పడుతున్న వేగానికి ఆ మాట ఎందుకూ సరిపోలేదు.)

మంగళవారం నాలుగుసార్లు పడ్డాను. బుధవారం అత్త మీద పడ్డాను. గురువారం గోడ నన్ను ఆపింది. "గోడకేటైనా అయిందేటో సూడు, గవర్మెంటు గోడ" అంది అత్త. శుక్రవారం ఆమె చెయ్యి వదిలేసిన సంగతి తెలియక సగం మేడ తొక్కాను. తెలిసిన క్షణంలో పడ్డాను. శనివారానికి తిన్నగా తొక్కడం వచ్చింది. మలుపు తిప్పడం, ఆపడం రాలేదు. "సాల్లే, ఫోటోకి తిన్నగా ఎల్తే సాల్లే" అని అత్త దీవించింది.

ఆదివారం టౌకే కెమెరాతో గడ్డి మీద నిలబడ్డాడు. నేను ముందు, వెనక ఎనిమిది మంది వరసగా. "నాయకుడు ఎటు వెళ్తే అటే రావాలి, వరస తప్పకూడదు" అని మూడు వారాలుగా వాళ్లకి నూరిపోసింది నేనే. చూపు ముందు పెట్టాను. తొక్కాను. కెమెరా క్లిక్కుమంది. అక్కడ దారి ఎడమకి తిరిగింది. నేను తిరగలేదు. తిన్నగా గడ్డి దాటి, కొబ్బరి చెట్ల మధ్య నుంచి, ఇసుకలోకి వెళ్లిపోయాను. చెప్పిన మాట తప్పని ఆ ఎనిమిది మందీ వరసగా గడ్డి దాటి, చెట్ల మధ్య నుంచి, ఇసుకలోకి వచ్చారు. ఇసుకే నా సైకిలుని ఆపింది. సముద్రానికి పది అడుగుల దూరంలో తొమ్మిది సైకిళ్లూ కూరుకుని నిలిచాయి. అంతలో వెనక నుంచి టౌకే కేకేశాడు. "వా! బీచ్ రూట్! వెరీ నైస్! డోంట్ మూవ్, ఆ!" అంటూ పరిగెత్తుకొచ్చి ఇంకో ఫోటో తీశాడు. మర్నాడు ఖాయం ఉత్తరం మీద సంతకం పెడతానని అక్కడే మాటిచ్చాడు.

ఇంటికొచ్చి కూలబడ్డాను. ఉత్తరం వస్తుంది సరే, సిసిలీలో అన్నీ కొండలు. (మూడు పుస్తకాల్లో చదివాను.) కొండ దిగేటప్పుడు ఇసుక ఉండదు. నన్ను నమ్మి ఎనిమిది మంది వరసగా వెనక వస్తారు. ఈసారి ఎక్కడికి తీసుకుపోతాను? మర్నాడు టౌకేకి నిజం చెప్పేసి పెట్టె సర్దుకోవడమే మేలని నిశ్చయించి, ఆఫీసు కాగితాలన్నీ తిరిగి ఇచ్చేయడానికి బల్ల మీద పరిచాను. అత్త ఆ నాలుగు పేజీల కాగితం తీసి బొమ్మలు చూడటం మొదలుపెట్టింది. అక్షరాలు రావు కాబట్టి ఆమె ఏ బొమ్మనీ వదిలిపెట్టదు. చివరి పేజీ దాకా వెళ్లి కళ్లజోడు సర్దుకుంది.

"ఒరే, అందరూ సైకిళ్లెక్కేరు. పెట్టెలేసుకుని ఈ వేనులో కూకున్నోడెవడ్రా?"

లాక్కుని చూశాను. ఆ బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఉంది. దారి చూపేది అక్కడి గైడు. ఏజెన్సీ తరఫున వచ్చే మనిషి సామాన్ల వ్యానులో ముందు ఊరికి వెళ్లి, బృందం వచ్చేలోగా మధ్యాహ్నం భోజనానికి బల్లలు సిద్ధంగా ఉంచాలి. మూడుసార్లు చదివాను. చోప్ చేయడానికి నన్ను పంపుతున్నారు! సిసిలీ మీద ఆరు పుస్తకాలు చదివినవాణ్ణి, ఆ దేశం వాళ్లు నాకోసమే రాసిన ఒక్క పేజీ చదవలేదు. నవ్వు మొదలైతే ఆగలేదు. అత్తకి విషయం చెప్పాక ఆమెకీ ఆగలేదు. కొంతసేపటికి కళ్లు తుడుచుకుని, "మరి నా మీద ఎందుకు పడ్డావురా?" అని మోచేతికున్న కట్టు చూపించింది.

సిసిలీలో ఎనిమిది రోజులూ వ్యానులో మహారాజులా తిరిగాను. మొదటి ఊరి కూడలిలో అలవాటు కొద్దీ మూడు బల్లల మీద మూడు టిష్యూ పొట్లాలు పెట్టి అటు తిరిగేసరికి, నల్లదుస్తుల ముసలావిడ ఒకామె ఒక పొట్లం తీసుకుని, ముక్కు చీది, మిగతాది సంచిలో వేసుకుని, నాకు నమస్కారంలా చెయ్యి ఊపి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం హెల్మెట్ గారు కాళ్లు నొప్పులని ఒక ఎత్తు దగ్గర వ్యానెక్కి నా పక్కన కూర్చున్నారు. నిమ్మతోటల చరిత్ర చెప్పబోయాను. ఆయన నవ్వి, "మీకు సైకిలు రాదని మాకు మొదటి ఆదివారమే తెలుసండీ. బస్సు కిటికీలో కనబడుతూ మా పక్కనుంచే వెళ్లారు" అన్నారు.

"మరి చెప్పలేదే?"

"చెబితే ఆ గాలి తగిలే బల్లలు ఎవరు పడతారండీ? మూడో వారం మాత్రం ఏం చేస్తారో చూద్దామని సైకిలు మీకిచ్చాను. ఆ వాన రాకపోతే ఇంకా గాలి కొడుతూనే ఉండేవారు."

ఎన్నేళ్ల నుంచో మోస్తున్న ఏదో మూట దించినట్టయింది. నిమ్మతోటల సంగతి ఆపేసి, కిటికీలోంచి నిమ్మతోటల్ని చూశాను.

అత్తకి ఇప్పుడు ఎనభై దాటాయి. ఆ ఫ్లాట్‌లోనే ఉంది, నేనూ రెండు వీధుల అవతలే. ఇసుకలో దిగబడిన ఫోటో చట్రం కట్టించి హాల్లో పెట్టింది. కళ్లు గుడ్లగూబలా తెరిచి ముందు నేను, వెనక వరస తప్పని ఎనిమిది మంది. పోయిన వారం కొత్తగా ఎదురు ఫ్లాట్‌లోకి వచ్చిన పిల్ల ఒకతె తీపి పంచడానికి వచ్చి దాని ముందు ఆగింది. అత్త ఎప్పటిలాగే మొదలుపెట్టింది. "మావోడే. ఇటలీ దేశమంతా సైకిలు మీదే తిరిగొచ్చేడు."

"రియల్లీ ఆ, అంకుల్? హోల్ ఇటలీ?"

నిజం చెప్పడానికి నోరు తెరిచాను, ఆ వెంటనే సిగ్గుతో తల వంచుకున్నాను. కారు పార్కు మేడ మీద చెప్పినట్టే అత్త మెల్లగా నా వీపు మీద చెయ్యి వేసి అంది. "కిందకి సూడకురా. ముందుకి సూడు."